సొరుగులో పట్టే పొద్దుటి ఫలహారం

తోరణగల్లు ఉక్కు కర్మాగారానికి తొలి షిఫ్టు బస్సు ఎక్కేవాళ్ళు, హోసూరు ఫ్యాక్టరీలకు వెళ్ళేవాళ్ళు, భివండీలో మరమగ్గాల మీద పనిచేసేవాళ్ళు... మన ఇళ్ళల్లో చాలామంది పొద్దున ఏమీ తినకుండానే గడప దాటుతున్నారు. పని దగ్గర టీ, రెండు బిస్కెట్లు. ఆకలి మరీ ఎక్కువైతే బండి మీది పూరీ. షుగరు మాత్రలు వాడేవాళ్ళకు ఇది ఇంకా ప్రమాదం. కొన్ని రకాల మాత్రలు వేసుకుని తినడం ఆలస్యం చేస్తే చక్కెర బాగా పడిపోయి చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, కళ్ళు తిరుగుతాయి. యంత్రం ముందు నిలబడిన మనిషికి అదెంత చేటో వేరే చెప్పాలా?

పని చోట పొయ్యి ఉండదు, ఫ్రిజ్ ఉండదు. ఒక సొరుగు ఉంటుంది. వేడినీళ్ళ కెటిల్ కూడా ఉంటే అదృష్టమే. అందుకే మేము చెప్పేది ఒక్కటే. మంటతో, నూనెతో ఉన్న పనంతా ఆదివారం ఇంట్లోనే ముగించండి. నీళ్ళతో అయ్యే పని మాత్రమే పని చోటికి వదలండి.

ఇందుకు అన్నిటికంటే బాగా కుదిరేది మన ఉగ్గాణి. బళ్ళారిలో, అనంతపురంలో దీన్ని తెలియనివాళ్ళు లేరు. పోపు ముందే చేసిపెట్టుకోవాలి. నూనెలో ఆవాలు, శనగపప్పు, వేరుశనగ గుళ్ళు, ఎండుమిరపకాయలు, దంచిన వెల్లుల్లి, కరివేపాకు వేసి కరివేపాకు కరకరలాడేదాకా వేయించి, పసుపు, ఉప్పు కలిపి, పూర్తిగా ఆరాక సీసాలో పెట్టండి. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ వేయకూడదు. వాటి తడికే పోపు చెడుతుంది. పుట్నాల పప్పు, ఎండుకొబ్బరి కలిపి కొట్టిన పొడి ఇంకో సీసాలో. పని చోట రెండు గుప్పిళ్ళ బొరుగులు నీళ్ళలో ముంచి, మెత్తబడగానే గట్టిగా పిండి, రెండు చెంచాల పోపు, ఒక చెంచా పొడి, నిమ్మకాయ ఉంటే నాలుగు చుక్కలు. కెటిల్ కూడా అక్కర్లేదు, చన్నీళ్ళు చాలు. డబ్బా మూత వదులై బొరుగులు మెత్తబడ్డా దిగులు లేదు, ఎలాగూ తడిపేవే కదా. మిరపకాయ బజ్జీ లేని ఉగ్గాణి ఉగ్గాణేనా అని ఇంట్లో పెద్దవాళ్ళు అడుగుతారు. వాళ్ళకు సెలవు రోజున వేసిపెట్టండి.

అటుకులకూ ఇదే పద్ధతి. పులిహోర పులుసు నూనె తేలేదాకా ఉడికించి సీసాకెత్తుకుంటే, పల్చటి అటుకుల మీద నీళ్ళు చిలకరించి, అది కలిపితే చాలు. దొడ్డు అటుకులైతే కడిగి పది నిమిషాలు నాననివ్వాలి. బరంపురం వైపు వాళ్ళు దారిలో చిన్న కప్పు పెరుగు, ఒక అరటిపండు కొనుక్కుని తడిపిన అటుకుల్లో కలుపుకుంటారు. అదీ కడుపు నిండే తిండే.

కెటిల్ ఉన్నవాళ్ళకు ఉప్మా. సన్న రవ్వ దోరగా వేయించి, అందులోనే పోపు, ఉప్పు, కొంచెం శొంఠిపొడి కలిపిపెట్టుకోవాలి. స్టీలు డబ్బాలో ఒక కప్పు రవ్వకు రెండు కప్పుల సలసల మరిగే నీళ్ళు పోసి, ఉండ కట్టకుండా కలిపి, ఎనిమిది నిమిషాలు మూత తీయకండి. నీళ్ళు గోరువెచ్చగా ఉంటే రవ్వ పచ్చిగానే ఉంటుంది. గోధుమ నూక, రాగిపిండి ఈ పద్ధతిలో ఉడకవు, వాటి జోలికి పోవద్దు. రాగి అంబలి కావాలంటే ఇంట్లోనే కాచి, చల్లార్చి, మజ్జిగ కలిపి సీసాలో తెచ్చుకోవడం మేలు.

ఏ సామానూ పెట్టుకునే వీలు లేనివాళ్ళు తెల్లవారుజామున అన్నం మెత్తగా మెదిపి, గోరువెచ్చని పాలు పోసి, చెంచాడు పెరుగు కలిపి డబ్బా కట్టుకోండి. తొమ్మిది, పదింటికి పులుపెక్కని పెరుగన్నం తయారవుతుంది. ఊరగాయ ముక్క పక్కన ఉంటే ఇంకేం కావాలి? ఎండాకాలంలో మాత్రం దాన్ని మధ్యాహ్నం దాకా ఉంచకండి.

కొత్తగా వేరే ఊరికి ఉద్యోగానికి వెళ్ళిన పిల్లలు అంగట్లో అడగడానికి ఈ పేర్లు పనికొస్తాయి. అటుకులను కన్నడంలో అవలక్కి, తమిళంలో అవల్, మరాఠీలో పోహే, ఒడియాలో చుడా అంటారు. బొరుగులను అదే వరసలో మండక్కి, పొరి, చురమురే, ముఢి అంటారు. పుట్నాల పప్పు కన్నడంలో హురిగడలె, తమిళంలో పొట్టుకడలై.

సీసాల మీద చేసిన తేదీ రాసి అతికించండి. మేము రెండు వారాలకు మించి ఉంచం, వానాకాలంలో వారమే. తడి చెంచా పెట్టకండి. పోపుకు నెయ్యి కన్నా నూనె మంచిది. కెటిల్‌లో నీళ్ళు తప్ప పాలు కాచకండి. ఆఫీసువాళ్ళయితే సీసాలను ఫైళ్ళున్న సొరుగులో పెట్టవద్దు. నూనె మరక పడ్డ కాగితానికి సంజాయిషీ రాసుకోవడం ఫలహారం చేసుకున్నంత తేలిక కాదు.