వేగం మారితే శ్రుతి మారుతుంది: 'నోయ్!' బృందం కథ

విద్యార్థులారా! మీలో సూరత్‌లో ఉంటున్నవారికి మరమగ్గం చప్పుడు కొత్త కాదు. బతుకుదెరువు కోసం తెలంగాణ నుండి ఆ నగరానికి వెళ్ళిన నేత కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మోటారు సమవేగంతో తిరిగినంతసేపు మగ్గం ఒకే లయలో నడుస్తుంది. అటువంటి ఎడతెగని లయనే సంగీతంగా మలచిన ఒక జర్మన్ బృందాన్ని గురించి, దాని ద్వారా ఒక ధ్వని సూత్రాన్ని గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం.

1971లో డ్యూసెల్‌డార్ఫ్ నగరంలో క్లౌస్ డింగర్, మిహాయెల్ రోటర్ అనే ఇద్దరు యువకులు క్రాఫ్ట్‌వెర్క్ బృందం నుండి బయటకు వచ్చి 'నోయ్!' అనే బృందాన్ని స్థాపించారు. జర్మన్ భాషలో నోయ్ అంటే 'కొత్త'. డింగర్ డ్రమ్స్, రోటర్ గిటారు వాయించేవారు. 1972లో వచ్చిన తొలి రికార్డులోని 'హాలోగాలో' సుమారు 10 నిమిషాలు సాగుతుంది. అందులో పల్లవి, చరణాలు లేవు. దరువు నడక మారదు. విమర్శకులు దానిని 'మోటోరిక్' అన్నారు. యంత్రాన్ని తలపించే ఆ పేరు డింగర్‌కు నచ్చలేదు. అది మనిషి వాయించే దరువని ఆయన వాదన.

1973లో వెలువడిన రెండవ రికార్డు పూర్తి కాకముందే వారి వద్ద డబ్బు అయిపోయింది. మరి రెండవ వైపును ఎలా నింపారు? అంతకుముందు విడుదలైన తమ చిన్న రికార్డునే వేర్వేరు వేగాలతో తిప్పి, ఆ ధ్వనిని మళ్ళీ రికార్డు చేశారు. కొందరు శ్రోతలు ఇది మోసమన్నారు.

ఇందులోని శాస్త్రం చూద్దాం. రికార్డు గాడిలోని ఎత్తుపల్లాలు ముల్లును కంపింపజేస్తాయి. వేగం పెరిగితే ఒక సెకనులో ఎక్కువ ఎత్తుపల్లాలు ముల్లు కింద సాగుతాయి, కనుక పౌనఃపున్యం అదే నిష్పత్తిలో పెరుగుతుంది. నిమిషానికి 45 చుట్ల వద్ద 440 హెర్ట్జ్‌గా వినిపించే స్వరం, 78 చుట్ల వద్ద సుమారు 763 హెర్ట్జ్ అవుతుంది. 16 చుట్ల వద్ద సుమారు 156కు దిగుతుంది. కాలం ఇందుకు విలోమంగా మారుతుంది. 45 చుట్ల వద్ద 78 సెకన్లు సాగే భాగం, 78 చుట్ల వద్ద 45 సెకన్లలోనే ముగుస్తుంది. నేటి సెల్‌ఫోన్‌లో వీడియో వేగం పెంచినా గొంతు కీచుగా మారకపోవడానికి కారణం, సాఫ్ట్‌వేర్ శ్రుతిని సరిచేయడమే.

ఇక బృందం ఎందుకు విడిపోయింది? రోటర్‌కు ప్రశాంతత ఇష్టం, డింగర్‌కు ఉద్వేగం ఇష్టం. 1975 నాటి మూడవ రికార్డులో ఒక వైపు రోటర్ ధోరణి, రెండవ వైపు డింగర్ ధోరణి కనిపిస్తాయి. ఆ తర్వాత ఇద్దరూ విడిపోయారు. 1980లలో మళ్ళీ కలిసి చేసిన రికార్డింగులను రోటర్ అంగీకారం లేకుండానే 1995లో డింగర్ విడుదల చేయించారు. వారి మధ్య ఒప్పందం కుదరక, తొలి మూడు రికార్డులు 2001 వరకు అధికారికంగా సీడీలపై రాలేదు. డింగర్ 2008లో మరణించారు. ఏ భిన్నత్వం వారి సంగీతానికి బలమిచ్చిందో, అదే వారిని దూరం చేసింది.

అభ్యాసం: నిమిషానికి 40 చుట్ల వద్ద 300 హెర్ట్జ్‌గా వినిపించే స్వరం, 60 చుట్ల వద్ద ఎన్ని హెర్ట్జ్‌లు అవుతుంది?