ఒకే బోరు, రెండు రకాల కాళ్లు

“రెండిళ్లవాళ్లూ తాగింది ఒకే బోరు నీళ్లు. ఆ ఇంటి పిల్లలు నిటారుగా పెరిగారు, ఈ ఇంటి పిల్లవాడి కాళ్లు వంకరపోయాయి. తప్పు నీళ్లదైతే ఇద్దరికీ రావద్దా?” అని నల్గొండ జిల్లా పాఠకులొకరు అడిగారు. ఇంత మంచి ప్రశ్న వస్తే వదిలిపెట్టేదెలా!

ఫ్లోరోసిస్ సంగతి అందరికీ తెలిసిందే. గ్రానైటు రాతిలోని ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లను ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, ఎముకలు బిగుసుకుపోతాయి. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌ను 1937లో అప్పటి నెల్లూరు జిల్లా పొదిలి, దర్శి ప్రాంతాల్లో గుర్తించారు.

అయితే గ్రానైటు ఉన్న చోటల్లా ఈ జబ్బు లేదు. ఎందుకని? ఇక్కడే అసలు మజా. ఫ్లోరైడ్‌కు కాల్షియం పక్కన ఉంటే చాలు, రెండూ కలిసి కరగని ఖనిజంగా మారి కింద కూర్చుంటాయి. నీళ్లలో కాల్షియం నాలుగో వంతుకు పడిపోతే ఫ్లోరైడ్ రెండింతలు కరిగి ఉండగలదు. వానలు తక్కువైన మెట్ట నేలల్లో కాల్షియం సున్నపు గడ్డలుగా పేరుకుపోతుంది. నీళ్లలో సోడియం, బైకార్బొనేటు మిగులుతాయి. ఫ్లోరైడ్‌కు పట్టపగ్గాలుండవు. చెరువులు పూడి, బోర్లు లోతుకు దిగేకొద్దీ రాతిలో ఏళ్లకేళ్లు నానిన నీళ్లే పైకొచ్చాయి.

ఇలా కాపలా కాసే కాల్షియమే ఒకప్పుడు నింద మోసింది. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో పళ్ల మీద గోధుమ రంగు మచ్చలు చూసి జనం పంది మాంసాన్ని అనుమానించారు, నాసి పాలను అనుమానించారు, చివరికి కాల్షియం ఎక్కువున్న నీళ్లనూ తప్పుపట్టారు! దోషిని వదిలేసి కాపలావాడిని పట్టుకోవడమంటే ఇదే. దంతవైద్యుడు ఫ్రెడరిక్ మెకే 1901లో అక్కడికి వచ్చి ఆ మచ్చల వెంట పడితే, ఫ్లోరైడ్ పేరు బయటపడింది 1931లో. దాన్ని పట్టింది ఒక అల్యూమినియం కంపెనీ రసాయన శాస్త్రవేత్త చర్చిల్. నింద తమ అల్యూమినియం పాత్రల మీదికి వస్తుందేమోనని ఆయన బెంగ!

ఇప్పుడు మన పాఠకుల ప్రశ్నకు వద్దాం. రాతిలో జరిగిన తంతే కడుపులోనూ జరుగుతుంది. పాలు, పెరుగు, రాగులు తిన్నవారి పేగుల్లో కాల్షియం కొంత ఫ్లోరైడ్‌ను పట్టుకుని మలంతో బయటికి పంపేస్తుంది. ఉత్త అన్నం, పచ్చిపులుసుతో పూట గడిపే ఇంట్లో ఆ అడ్డు లేదు. లోపలికి చేరిన ఫ్లోరైడ్ ఎముక స్ఫటికంలో హైడ్రాక్సిల్ స్థానాన్ని ఆక్రమిస్తుంది. పెరిగే పిల్లల ఎముకలు దాన్ని మరీ ఎక్కువ పట్టుకుంటాయి. దీనికి తోడు ఎండలో కూలికి పోయేవాళ్లు తాగే నీళ్లు కూడా ఎక్కువే. బోరు ఒకటే అయినా ఒంట్లోకి చేరిన మోతాదు ఒకటి కాదు. ఈ జబ్బు భూగర్భంలో పుట్టినా పేదింటినే వెతుక్కుంటుంది.

మరి విరుగుడు లేదా? పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తీసే ‘నల్గొండ పద్ధతి’ని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించింది. ప్రయోగశాలలో భేషుగ్గా ఉంటుంది. రోజూ బిందె బిందెకూ కొలిచి కలిపి, అడుగున మడ్డి తీసే ఓపిక కూలిపనికి పోయే ఇల్లాలికి ఎక్కడిది? ఉపరితల జలాలను ఇంటింటికీ తేవడమే మేలైన దారి.

అందాకా బోరు నీళ్లను పరీక్ష చేయించండి. కాచి తాగుతున్నాం కదా అని ధీమా పడకండి. కాస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.