గిన్నెలో తీసిన చీటీ

మా అమ్మాయి తెలుగు బడిలో ఉన్నంతసేపూ మేం అమ్మలం బయట కూర్చుని కబుర్లు చెప్పుకుంటాం. 2023 అక్టోబరులో ఒక శనివారం ఆ కబుర్లు ఎన్నికల మీదికి మళ్ళాయి. పౌరసత్వం వచ్చాక నేను వెయ్యబోయే మొదటి ఓటు అది.

"మా డెలిగేట్ అభ్యర్థి నాకు నచ్చలేదక్కా, ఆ గడి ఖాళీగా వదిలేస్తాను" అన్నాను.

కారణం ఉంది. ఆయన మా ఇంటి తలుపు తట్టినప్పుడు తుపాకుల చట్టాల గురించి అడిగాను. "అన్ని పక్షాలతో మాట్లాడాలి" అంటూ ఏదో చెప్పి మెట్లు దిగిపోయారు. అప్పుడే కిండర్‌గార్టెన్‌లో చేరిన మా అమ్మాయి, లాక్‌డౌన్ డ్రిల్‌లో చప్పుడు చెయ్యకుండా కూర్చున్నందుకు స్టికర్ ఇచ్చారని సంబరంగా చెప్పిన వారం అది. ఆ జవాబు నాకు ఎలా నచ్చుతుంది?

అక్క ఇరవై ఏళ్ళుగా వర్జీనియాలోనే ఉంటోంది. "గిన్నె కథ తెలుసా నీకు?" అంది.

2017 నవంబరులో న్యూపోర్ట్ న్యూస్‌లోని 94వ నియోజకవర్గంలో రిపబ్లికన్ డేవిడ్ యాన్సీ పది ఓట్లతో గెలిచారన్నారు. మళ్ళీ లెక్కపెడితే డెమొక్రాట్ షెల్లీ సైమండ్స్ ఒక్క ఓటుతో గెలిచారు. మర్నాడు ఒక బ్యాలెట్ కోర్టుకెక్కింది. ఆ ఓటరు ఇద్దరి పేర్ల పక్కనా గుర్తు నింపి, సైమండ్స్ గుర్తు మీద ఒక గీత గీశారు. న్యాయమూర్తులు అది యాన్సీకి వేసిన ఓటే అన్నారు. చెరొక 11,608! 2018 జనవరి 4న రిచ్‌మండ్‌లో ఇద్దరి పేర్లూ ఫిల్ము డబ్బీల్లో పెట్టి, మ్యూజియం నుంచి తెచ్చిన పింగాణీ గిన్నెలో వేసి చీటీ తీశారు. యాన్సీ పేరు వచ్చింది. దాంతో సభ రిపబ్లికన్లకు 51-49 అయింది.

1999లో వాజపేయి ప్రభుత్వం 269-270తో పడిపోయిన రోజు మా నాన్న టీవీ ముందు నుంచి లేవలేదు. ఒక్క ఓటు విలువ మనవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ ఆ గిన్నె తర్వాత జరిగినది నాకు కొత్త. సభలో ఎవరికి ఆధిక్యం ఉంటే స్పీకరు వాళ్ళవాడే. కమిటీలు వేసేది స్పీకరు. కమిటీ దాటని బిల్లు సభ ముందుకే రాదు. స్త్రీ పురుషుల సమాన హక్కుల రాజ్యాంగ సవరణను 2019లో వర్జీనియా సెనేట్ ఆమోదించింది. డెలిగేట్ల సభలో మాత్రం అది ఉపసంఘంలోనే ఆగిపోయింది.

ఆ నవంబరులో రెండు సభలూ డెమొక్రాట్లకు వచ్చాయి. సెనేట్ 21-19. ఆ 21 మందిలో మన హైదరాబాదులో పుట్టిన గజాలా హాష్మీ ఒకరు. 2020 జనవరిలో ఐలీన్ ఫిల్లర్-కోర్న్ ఆ సభకు మొదటి మహిళా స్పీకరయ్యారు. అదే నెలలో సవరణ ఆమోదం పొంది, వర్జీనియా 38వ రాష్ట్రమైంది. (గడువు ఎప్పుడో దాటిపోయిందన్న తగువు ఇంకా తీరలేదనుకోండి.)

అక్క చెప్పింది ఇంతవరకే. మిగతాది ఇంటికొచ్చి, అంట్లు తోమడం వాయిదా వేసి, చదువుకున్నాను. 2020 ఫిబ్రవరిలో అసాల్ట్ ఆయుధాల నిషేధం బిల్లు సెనేట్ కమిటీలో 10-5తో వాయిదా పడింది. నలుగురు డెమొక్రాట్లు అటువైపు ఓటేశారు. ఓటర్లు కష్టపడి తెచ్చిన ఆధిక్యం, తీరా చూస్తే ఇలా! చాలా కోపం వచ్చింది. అయితే అదే సమావేశాల్లో తుపాకీ అమ్మకాలకు నేపథ్య తనిఖీలు, ప్రమాదకరంగా ప్రవర్తించేవారి నుంచి తుపాకులు తాత్కాలికంగా తీసుకునే చట్టం, నెలకొక్క చేతి తుపాకీ పరిమితి వచ్చాయి. ఆ నలుగురూ గెలవకపోతే సెనేట్‌లో ఆధిక్యమే లేదు. అప్పుడు వీటిని చర్చకు తెచ్చేవారెవరు?

అలాగని పార్టీ గుర్తుంటే ఎవరికైనా ఓటేస్తానని కాదు. మనుషుల్ని కించపరిచేవాడికీ, డబ్బు తినేవాడికీ సీటు లెక్క చూసి ఓటు వెయ్యలేను. మా అభ్యర్థి అలాంటివాడు కాదు. పిరికివాడు, అంతే. పిరికివాణ్ణి వెనకనుంచి తొయ్యొచ్చు. అవతలి పార్టీకి ఓటేసే మన స్నేహితురాళ్ళకూ ఈ లెక్క ఇదే. వాళ్ళకూ నచ్చని అభ్యర్థులున్నారు, అడగండి, చెబుతారు.

ఆ గడి నింపాను. డెలిగేట్ల సభ డెమొక్రాట్లకు 51-49, సెనేట్ 21-19 వచ్చాయి. జనవరి నుంచి ఆయన ఆఫీసుకు వారానికోసారి ఫోన్ చేశాను. మూడోసారికి అక్కడి అమ్మాయి నా గొంతు గుర్తుపట్టింది. 2024లో నిషేధం బిల్లు రెండు సభలూ దాటింది. మా డెలిగేట్ పేరు ఎదుట "అవును" అని చూసి అక్కకు ఫోన్ చేశాను. గవర్నర్ యంగ్‌కిన్ దాన్ని వీటో చేశారు.

2025లో ఆయన మళ్ళీ మా తలుపు తట్టారు. ఈసారి లోపలికి పిలిచి, టీ ఇచ్చి కూర్చోబెట్టి అడిగాను.