సూర్యుడు ఆడా, మగా?

ఒక్కో భాషది ఒక్కో లెక్క. ఆ లెక్కల్లో స్త్రీకి దక్కే చోటు ఎక్కడ?

హిందీ నేర్చుకునే తెలుగువారిని మొదట తికమకపెట్టేది లింగమే. మగతనానికి గుర్తుగా చెప్పుకునే మీసం అక్కడ స్త్రీలింగం. 'పుస్తక్' స్త్రీలింగమైతే 'గ్రంథ్' పుంలింగం. ఎందుకని అడిగితే జవాబు ఉండదు, అలవాటు చేసుకోవాల్సిందే.

ఫ్రెంచిలో సూర్యుడు పుంలింగం, చంద్రుడు స్త్రీలింగం. పక్కనే ఉన్న జర్మనీలో ఇది తారుమారు. జర్మన్‌లో అమ్మాయిని 'మేడ్షెన్' అంటారు. అది నపుంసకలింగం. చిన్నది అనే అర్థమిచ్చే 'షెన్' చివర చేరితే ఏ మాటైనా నపుంసకమే. సంస్కృతంలో భార్యా శబ్దం స్త్రీలింగం, దార శబ్దం పుంలింగం, కళత్రం నపుంసకం. మనిషి ఒకరే, లింగాలు మూడు! అంటే వ్యాకరణ లింగం పదాలను పంక్తులుగా కూర్చోబెట్టే పద్ధతి. తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీలోనైతే ఆడ, మగ పంక్తులే లేవు. మనుషులది ఒక వర్గం, చెట్లది మరొకటి.

ఇంగ్లీషు వదిలించుకుంది

పాత ఇంగ్లీషులోనూ మూడు లింగాలుండేవి. 'ఉమన్'కు మూలమైన 'వీఫ్‌మాన్' అప్పట్లో పుంలింగం! పదాల చివరి ప్రత్యయాలు అరిగిపోయేకొద్దీ ఆ తేడాలూ చెరిగిపోయాయి. చివరికి హీ, షీ, ఇట్ మిగిలాయి. ఓడను 'షీ' అనే పాత అలవాటును లండన్ నౌకావాణిజ్య పత్రిక 'లాయిడ్స్ లిస్ట్' 2002లో మానుకుంది. ఫ్రెంచ్ అకాడమీ 2019లో వృత్తుల పేర్లకు స్త్రీలింగ రూపాలను ఆమోదించింది. మనుషులు తలచుకుంటే భాష మారుతుందనడానికి ఇవే సాక్ష్యాలు.

మన సంగతేమిటి?

చిన్నయ సూరి బాలవ్యాకరణం లెక్కలో పురుషులు మహత్తులు. జంతువులు, జడపదార్థాలు అమహత్తులు. స్త్రీ ఏకవచనంలో అమహత్తుల సరసన, బహువచనంలో మహత్తుల సరసన చేరుతుంది. రాముడు వచ్చాడు. సీత వచ్చింది, బస్సూ వచ్చింది. అదే సీతా గీతా అయితే 'వచ్చారు', బస్సులు 'వచ్చాయి'. గోండీ, కొలామీల్లోనూ ఏకవచనంలో ఇదే తీరు. తమిళ, కన్నడాల్లో మాత్రం ఒక్క స్త్రీకీ ప్రత్యేక క్రియారూపం ఉంది.

'అమ్మ వచ్చింది' అనడంలో చిన్నచూపు లేదు, చనువుంది. చిక్కంతా గౌరవం చూపాల్సిన చోటే. ఒకే వేదిక మీద ఇద్దరు డాక్టర్లు మాట్లాడితే 'ఆయన చెప్పారు', 'ఆమె చెప్పింది' అని రాసేస్తుంటాం. వ్యాకరణం అలా రాయమనలేదు. గౌరవార్థంలో 'ఆమె చెప్పారు' అనడానికి తెలుగులో ఏ అడ్డూ లేదు. ఆ తేడా మనం పెట్టిందే, మనమే తీసేయాలి. వార్త రాసేవారు, పాఠం చెప్పేవారు, సభలో మైకు పట్టుకునేవారు ఈ ఒక్క నియమం పాటించండి: ఆయనకు 'చెప్పారు' అయినచోట ఆమెకూ 'చెప్పారు' అనే అనండి.