ఇద్దరికే డిన్నర్.. ఇంట్లోనే అరకు బొంగు చికెన్! ప్లాన్ ఇలా చేసుకుంటే ఆ సాయంత్రం మీదే

పెళ్లిరోజో, పుట్టినరోజో వస్తే చాలామంది జంటలకు ముందుగా గుర్తొచ్చేది రెస్టారెంట్. కానీ ఇంట్లోనే ఇద్దరూ కలిసి వండుకుని తింటే ఆ ఆనందమే వేరు. అయితే ఇక్కడో చిక్కుంది. ఒకరు వంటింట్లో చెమటలు కక్కుతూ ఉంటే, ఇంకొకరు హాల్లో ఫోన్ చూస్తూ కూర్చుంటే అది స్పెషల్ డిన్నర్ కాదు.. రోజూ జరిగే వంటే. మరి దీనికి పరిష్కారం ఏంటి? సమాధానం అరకు కొండల్లో ఉంది.

బొంగు చికెనే ఎందుకు?

విశాఖ నుంచి సుమారు 115 కిలోమీటర్ల దూరంలోని అరకులోయకు వెళ్లినవాళ్లు బొంగులో చికెన్ తినకుండా తిరిగిరారు. అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీలో గిరిజనుల వంట ఇది. నూనె అక్కర్లేదు. గరిటె పెట్టి కలపాల్సిన పని లేదు. బొంగును నిప్పుల మీద పెట్టాక అప్పుడప్పుడు తిప్పుతూ ఉంటే చాలు. అంటే దాదాపు ముప్పావు గంట ఇద్దరూ నిప్పుల పక్కన కూర్చుని కబుర్లు చెప్పుకోవచ్చు. ఇద్దరి డిన్నర్‌కు ఇంతకంటే ఏం కావాలి?

ఎలా చేయాలి?

ఇద్దరికి అరకిలో చికెన్ సరిపోతుంది. చిన్న ముక్కలు కొట్టించాలి. ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి ముద్ద, పచ్చిమిర్చి, కొత్తిమీర పట్టించి గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచాలి. పచ్చి వెదురు బొంగును ఒకవైపు కణుపు ఉండేలా కోసి, లోపల శుభ్రంగా కడిగి, ముక్కలను ముప్పావు వంతు వరకే నింపాలి. మూతిని అడ్డాకులతో గానీ, అరటాకుతో గానీ మూయాలి. బొంగులోని తేమే ఆవిరిగా మారి ముక్కను ఉడికిస్తుంది.

ఎండిన వెదురు అస్సలు వాడొద్దు. అది త్వరగా అంటుకుంటుంది. రంగు వేసిన వెదురు, మందు పూసిన వెదురు కూడా పనికిరావు. మూతిని మరీ బిగించినా ప్రమాదమే. ఆవిరి బయటకు పోయే దారి లేకపోతే బొంగు పగలొచ్చు.

పచ్చి వెదురు దొరక్కపోతే?

సిటీలో ఉన్నవాళ్లు నిరాశపడక్కర్లేదు. అదే చికెన్‌ను అరటాకులో పొట్లం కట్టి, మందపాటి గిన్నెలో మూతపెట్టి సన్నని మంట మీద ఉడికించుకోవచ్చు. వెదురు వాసన రాదు కానీ, నూనె లేని ఆ రుచి చాలావరకు వస్తుంది.

ఏ పద్ధతిలో చేసినా పెద్ద ముక్కను విరిచి చూడాలి. లోపల గులాబీ రంగు కనిపిస్తే ఇంకాసేపు ఉడకాల్సిందే. వంటింటి థర్మామీటర్ ఉంటే ముక్క లోపల 74 డిగ్రీల సెల్సియస్ చూపించాలి.

ఒకరు శాకాహారి అయితే?

చింతపల్లి, పాడేరు వైపు రాజ్మా బాగా పండుతుంది. గింజలను ఉదయమే నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో మెత్తగా ఉడికించాలి. సరిగా ఉడకని రాజ్మాలో లెక్టిన్ అనే పదార్థం ఉంటుంది. దానివల్ల వాంతులు, విరేచనాలు అవుతాయి. అందుకే కనీసం 10 నిమిషాలైనా తెర్లే నీళ్లలో మరగాలి. అన్నం బదులు సామలు వండితే కొండ భోజనం పూర్తయినట్టే.

టైమ్ టేబుల్ ఇదిగో

సాయంత్రం 6 గంటలకు ఒకరు చికెన్‌కు మసాలా పట్టిస్తే, ఇంకొకరు సామలు కడిగి నానబెట్టాలి. 7 గంటలకు బొంగు నిప్పుల మీదకు, సామలు స్టవ్ మీదకు. 8 గంటలకల్లా వడ్డన. గిన్నెలు కడగడం కూడా ఇద్దరి పనే అని ముందే మాట్లాడుకుంటే తర్వాత గొడవ ఉండదు.

చివర్లో కాఫీ.. కానీ కొంచెమే

సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, మిరియాల తీగల మధ్య పెరిగే అరకు వ్యాలీ అరబికా కాఫీకి 2019లో జీఐ ట్యాగ్ వచ్చింది. గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో ఈ పొడి దొరుకుతుంది. రోబస్టాతో పోలిస్తే అరబికాలో కెఫీన్ దాదాపు సగమే. అయినా తాగిన ఐదారు గంటల తర్వాత కూడా అందులో సగం దాకా ఒంట్లోనే ఉంటుంది. రాత్రి నిద్ర పట్టనివాళ్లు అరకప్పుతో ఆపడం మంచిది.

ఈ ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు

నిప్పులు ఎప్పుడూ ఆరుబయటే పెట్టాలి. చలిగా ఉందని, మూడ్ బాగుంటుందని బొగ్గుల కుంపటిని గదిలోకి తెచ్చి తలుపులు మూస్తే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుపోతుంది. దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. భోజనం అయ్యాక నిప్పుల మీద నీళ్లు చల్లి, పూర్తిగా ఆరాయని చూసుకున్నాకే లోపలికి వెళ్లాలి. మిగిలిన చికెన్‌ను రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేస్తే మర్నాటి మధ్యాహ్నానికి కూర రెడీ.