లారీకి క్లచ్ ప్లేటు మార్చేటప్పుడు

మా చిన్నాన్నకు ఒక లారీ ఉంది. రోజూ ఇటుకలు తోలతాడు. తెల్లారకముందే బట్టీ దగ్గర లోడు ఎక్కించి, టౌనులో దించి, సాయంత్రానికి ఇల్లు చేరతాడు. బండి మీద అప్పు ఉంది. నెలనెలా కిస్తీ కట్టాలి. బండి తిరిగితేనే కిస్తీ వెళ్తుంది.

ఒకరోజు లోడుతో మిట్ట ఎక్కుతున్నాడు. ఇంజను మోత పెరిగింది. బండి మాత్రం ముందుకు పోలేదు. ఏదో కాలిన వాసన వచ్చింది. మెకానిక్ వచ్చి చూసి, "క్లచ్ ప్లేటు పోయింది" అన్నాడు. "మామూలు ప్లేటు మీ లోడుకు ఆగదు. గట్టిది వేస్తాను. బటన్ ప్లేటు" అన్నాడు. చిన్నాన్న సరే అన్నాడు. ఎవరైనా అలాగే అంటారు. గట్టిది అంటే మంచిదే కదా!

కానీ అక్కడే పొరపాటు జరిగింది. అది తెలియాలంటే ముందు క్లచ్ అంటే ఏమిటో చూద్దాం.

మీ రెండు అరచేతులూ కలపండి. గట్టిగా నొక్కి పట్టండి. ఒక చెయ్యి జరిపితే రెండోది కూడా దానితో జరుగుతుంది. ఇప్పుడు పట్టు కొంచెం వదిలి రుద్దండి. చేతులు జారతాయి, వేడెక్కుతాయి. క్లచ్ పని కూడా ఇంతే. ఇంజనుకు ఒక బరువైన ఇనుప చక్రం ఉంటుంది. దాన్ని ఫ్లైవీలు అంటారు. దాని పక్కనే గుండ్రటి క్లచ్ ప్లేటు ఉంటుంది. అది గేరు బాక్సుకు తగిలి ఉంటుంది. ప్రెషర్ ప్లేటు దీన్ని ఫ్లైవీలుకు అదిమి పడుతుంది. అప్పుడు ఇంజను తిరిగితే చక్రాలు తిరుగుతాయి. పెడల్ తొక్కితే ఆ పట్టు వదులుతుంది. గేరు మార్చుకోవచ్చు.

పెడల్ సగం తొక్కి ఉంచితే ఏమవుతుంది? పట్టూ ఉండదు, విడుపూ ఉండదు. ప్లేటు జారుతూ వేడెక్కుతుంది. దీన్నే డ్రైవర్లు హాఫ్ క్లచ్ అంటారు. మా చిన్నాన్నకు ఈ అలవాటు ఉంది. నడిపేంతసేపూ ఎడమ కాలు పెడల్ మీదే. మిట్ట మీద ఆపితే హ్యాండ్ బ్రేకు వేయడు, హాఫ్ క్లచ్ మీదే బండిని నిలబెడతాడు. పైగా లోడు ఎక్కువ. మరి ప్లేటు కాలక ఏం చేస్తుంది?

ఇక ఆ బటన్ ప్లేటు సంగతి. మామూలు ప్లేటుకు రెండు వైపులా చుట్టూ మెత్తని పూత పట్టీ ఉంటుంది. దాన్ని లైనింగ్ అంటారు. అది మెల్లగా పట్టుకుంటుంది. బండి కుదుపు లేకుండా కదులుతుంది. బటన్ ప్లేటుకు లోహపు పొడి కలిపి చేసిన గట్టి ముక్కలు ఉంటాయి. అవి ఎక్కువ వేడికి ఆగుతాయి. నిజమే. పొలంలో దున్నే ట్రాక్టర్లకు కొన్నిటికి ఇవే వేస్తారు. కానీ ఇవి టక్కున పట్టుకుంటాయి. రోజంతా బజారులో ఆగుతూ కదిలే బండికి ప్రతిసారీ కుదుపే. ఆ కుదుపు గేరు బాక్సుకూ, జాయింట్లకూ పోతుంది. ఫ్లైవీలు కూడా త్వరగా గీతలు పడుతుంది. ప్రెషర్ ప్లేటు కూడా గట్టి స్ప్రింగులది వేస్తే పెడల్ బరువెక్కుతుంది.

చిన్నాన్నకు సరిగ్గా ఇదే జరిగింది. రాత్రయ్యేసరికి మోకాలు పట్టేసేది. కొన్ని నెలలకు ఫ్లైవీలు గీతలు పడి, మళ్లీ గేరు బాక్సు దించాల్సి వచ్చింది. రెండు రోజుల కిరాయి పోయింది. ఆ నెల కిస్తీకి పిన్ని చెవిపోగులు తాకట్టు పెట్టారు.

క్లచ్ పెడల్ లేని బండ్లు కూడా ఉన్నాయి. వాటిలో కొన్నిటికి టార్క్ కన్వర్టర్ అనే డొల్ల ఉంటుంది. లోపల నూనె, ఎదురెదురుగా రెండు ఫ్యాన్ల వంటివి. ఒకటి తిరిగి నూనెను తోస్తే, ఆ నూనె రెండోదాన్ని తిప్పుతుంది. అమెరికాలో పికప్ బండ్లవాళ్లు కొందరు దీన్ని మార్పిస్తారు. అక్కడా ఇదే తంటా. పందేల బండికి పనికొచ్చే రకం రోజూ తిరిగే బండికి వేస్తే, అది ఎక్కువగా జారి నూనె కాగిపోతుంది. గేరు బాక్సు చెడుతుంది.

మరి ఏది కొనాలి? రోజూ తిరిగే లారీకి కంపెనీవాడు చెప్పిన కొలత, చెప్పిన రకమే చాలు. ప్లేటు వెడల్పు మిల్లీమీటర్లలో ఉంటుంది. 310, 330, 352, 380 ఇలా చాలా ఉన్నాయి. మధ్య రంధ్రంలో పళ్లు కూడా లెక్క కుదరాలి. పాత ప్లేటు చేత్తో పట్టుకుని షాపుకు వెళ్లండి. రెండూ పక్కపక్కన పెట్టి పళ్లు లెక్కపెట్టండి. గట్టి క్లచ్ వేస్తే లోడు పెంచుకోవచ్చని కొందరు అంటారు. అది తప్పు. లోడు ఎంతో ఆర్‌సీ కార్డు మీద రాసి ఉంటుంది. క్లచ్ మారితే బ్రేకులూ, టైర్లూ మారవు కదా.

ఇప్పుడు మీకు చదువు వచ్చింది. పెట్టె మీద అక్షరాలు మీరే చదవండి. తయారు చేసినవారి పేరు, చిరునామా, నెల, సంవత్సరం, గరిష్ఠ ధర ఉండాలి. అవి చెరిపేసి ఉన్నా, పైన ఇంకో చీటీ అంటించి ఉన్నా ఆ సరుకు వద్దు. బిల్లు అడగండి. సరుకు చెడ్డదైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి ఆ కాగితమే ఆధారం.

గేరు బాక్సు దించిన ప్రతిసారీ కూలి మళ్లీ అంతే పడుతుంది. అందుకే దించినప్పుడే ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ కలిపి చూడాలి. ఫ్లైవీలు మీద నీలం మచ్చలు, పగుళ్లు ఉన్నాయేమో చూపించుకోండి. ఇంజను వెనక ఆయిల్ సీలు కారుతుంటే ముందు అది మార్చాలి. నూనె పడితే ఎంత ఖరీదైన ప్లేటైనా జారుతుంది. చిన్నాన్న బండిలో సీలు కూడా కారుతోంది. మొదటిసారి దాన్ని ఎవరూ చూడలేదు.

జారే క్లచ్‌తో ఘాట్ ఎక్కవద్దు. ఎక్కేటప్పుడు బండి ఆగిపోవడం ఒక్కటే కాదు. దిగేటప్పుడు ఇంజను బండిని పట్టి ఉంచలేదు. భారమంతా బ్రేకుల మీద పడుతుంది.

క్లీనరు అబ్బాయిల గురించి ఒక మాట. పాత ప్లేట్లలో చాలావాటికి రాతినార కలిపేవారు. ఆ దుమ్ము ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. జబ్బు ఎన్నో ఏళ్ల తర్వాత బయటపడుతుంది. అందుకే క్లచ్ లోపలి దుమ్మును గాలి కొట్టి ఎగరగొట్టకూడదు. నోటితో ఊదకూడదు. తడిగుడ్డతో తుడవాలి. సన్నని దుమ్మును ఆపే మాస్కు పెట్టుకోవాలి.

కొత్త ప్లేటు వేశాక కొన్ని రోజులు తక్కువ లోడుతో నడపాలి. లైనింగ్ ఫ్లైవీలుకు బాగా అమరాలి. చిన్నాన్న ఈసారి మామూలు ప్లేటే వేయించాడు. వారం రోజులు సగం లోడే తోలాడు. పక్కన కూర్చున్న క్లీనరుకు ఒక పని అప్పగించాడు. ఎడమ కాలు పెడల్ మీద కనిపిస్తే చాలు, "కాలు తియ్యి, బాబాయ్" అని అరవాలి.