పీక్ చదవడం వచ్చా?

కెమిస్ట్రీ, కెమికల్ ఇంజినీరింగ్ వాళ్ల రెజ్యూమెల్లో ‘ఎఫ్‌టీఐఆర్’ కామన్. మరి ఇంటర్వ్యూలో ‘ఈ ఉత్ప్రేరకం మీద ఎలాంటి ఆమ్ల స్థానాలున్నాయి?’ అని అడిగితే? మెషీన్ నడపడం వస్తే చాలదు, పీక్ చదవడం రావాలి.

గామా అల్యూమినానే తీసుకోండి. దాని ఉపరితలంపై ఆమ్ల స్థానాలు కంటికి కనపడవు. అందుకే పిరిడిన్ అణువుల్ని గూఢచారుల్లా పంపుతారు. ముందు పొడిని పల్చటి బిళ్లగా నొక్కి, వ్యాక్యూమ్‌లో వేడిచేసి తేమ పోగొడతారు. ఒక స్పెక్ట్రమ్ తీస్తారు. తర్వాత పిరిడిన్ ఆవిరి వదిలి, గట్టిగా అంటుకోనిదాన్ని లాగేసి ఇంకోటి తీస్తారు. జవాబంతా ఆ రెండింటి తేడాలోనే!

పీక్ 1450 సెం.మీ⁻¹ దగ్గరుంటే లూయిస్ ఆమ్లం. అంటే పిరిడిన్‌లోని నైట్రోజన్ తన ఎలక్ట్రాన్ జంటను అల్యూమినియం అయాన్‌తో పంచుకుంది. 1540 దగ్గరుంటే బ్రాన్‌స్టెడ్ ఆమ్లం. అంటే ఉపరితలం పిరిడిన్‌కు ప్రోటాన్ ఇచ్చింది. 1490 దగ్గరి పీక్ మాత్రం రెండింటికీ వస్తుంది. దాన్నొక్కదాన్నే చూసి తీర్పు చెప్పొద్దు.

ఇ.పి.ప్యారీ 1963లో ఈ పద్ధతిపై పరిశోధన పత్రం ప్రచురించారు. ల్యాబుల్లో ఇప్పటికీ ఇదే వాడుతున్నారు.

గామా అల్యూమినాలో మామూలుగా 1540 పీక్ రాదు. ఉపరితలంపై ఓహెచ్ గ్రూపులున్నా, పిరిడిన్‌కు ప్రోటాన్ ఇచ్చేంత బలం వాటికి లేదు. సిలికా-అల్యూమినాలో రెండు పీకులూ కనిపిస్తాయి. చమురు శుద్ధిలో క్రాకింగ్‌కు ప్రోటాన్ ఇచ్చే స్థానాలు కీలకం. పీక్ తప్పు చదివితే ఎంచుకునే ఉత్ప్రేరకమే తప్పు!

ఈసారి ల్యాబ్‌లో ప్రింట్ తీసి ఫైల్లో పెట్టేయకండి. ప్రతి పీక్ పక్కన ‘ఏ అణువు, దేనికి అంటుకుంది, ఎందుకు?’ రాసుకోండి. ఇంటర్వ్యూలో అడిగేదీ అదే.